కొండమీద బల్లపరుపు పచ్చిక

నీటిపారుదల శాఖలో పనిచేసే రోజుల్లో ఒకసారి నాకు కొండమీద చెరువు తవ్వమని ఉత్తర్వు వచ్చింది. తవ్వాను. నీళ్ళు చెరువులో నిలవలేదు గానీ రికార్డుల్లో నిలిచాయి. ముప్పై మూడేళ్ళ సర్వీసులో పైనుంచి వచ్చిన ఏ కాగితాన్నీ ‘ఇది కుదరదండీ’ అని వెనక్కి పంపిన పాపాన పోలేదు. అందుకే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా పూలదండతో రిటైరయ్యాను. గొప్పకోసం చెప్పడం లేదు. ముందుముందు నేను చేసిన పని చదివి ‘చదువుకున్నవాడు ఇలా ఎలా చేశాడు’ అని మీరు ఆశ్చర్యపోతారేమో, ఆ శ్రమ మీకు తప్పిద్దామని చెబుతున్నాను.

రిటైరయ్యాక విశాఖపట్నం శివార్లలో, కొండవాలున మెట్లు మెట్లుగా కట్టిన నలభై ఇళ్ళ కాలనీలో ఒక ఇల్లు కొనుక్కున్నాం. కాలనీ పేరు శిఖరప్రభ విల్లాస్. మాది పదిహేడో ప్లాటు. ఇంటి వెనక వంటింటి కిటికీ దగ్గర మొదలై, పై ఇంటివాళ్ళ ప్రహరీ గోడ దాకా ముప్పై అడుగుల వాలు. ఆ ముప్పై అడుగుల్లో నేల పది అడుగులు పైకి లేస్తుంది. వాలంతా గడ్డి. బ్రోచర్లో దీన్ని ‘సొంత లాన్’ అన్నారు. చేరిన కొత్తలో దానిమీద కుర్చీ వేసుకుని కాఫీ తాగుదామని ప్రయత్నించాను. కాఫీ సగంలో ఉండగానే కుర్చీతో సహా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేశాను.

ఆ గడ్డి కోసేది ఎర్నాయుడు. మా ఒక్క ఇంటిదే కాదు, నలభై ఇళ్ళదీ. లేఅవుటు వేసిన నాటినుంచి, అంటే పదకొండేళ్ళుగా, అదే అతని పని. నడుముకు తాడు కట్టుకుని రెండో కొస పైనున్న ఇనప గుంజకు ముడేసి, భుజాన బ్రష్ కట్టర్ తగిలించుకుని దిగేవాడు. వాలుకు అడ్డంగా ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకు కోసుకుంటూ వచ్చేవాడే గానీ పైనుంచి కిందికి ఎప్పుడూ కోసేవాడు కాదు. అలా కోస్తే కాలు జారినప్పుడు బ్లేడు మనకంటే ముందు దిగిపోతుందట. నిటారుగా ఉన్నచోట నాలుగు వేళ్ళ గడ్డి వదిలేవాడు, చదునుగా ఉన్నచోట రెండు వేళ్ళు. తడి గడ్డిని ముట్టుకునేవాడు కాదు. నేను వరండాలోంచి సలహాలిస్తే “అలాగే బాబూ” అని తన పద్ధతిలోనే కోసుకుపోయేవాడు. మా శాఖలో ఇలాంటివాళ్ళు ఇద్దరుంటే ఆ కొండమీద చెరువు తప్పిపోయేది.

అంతా ఇలా సజావుగా సాగుతుండగా, ఇళ్ళ స్థలాల వ్యాపారం గురించి వేసే ఒక పత్రిక ‘ఆదర్శ పచ్చిక’ అని కాలనీల్లోని లాన్లకు పోటీ పెట్టింది. నిబంధనలు ఒక పేజీ. వాటిలో మూడోది: ‘లాన్ బల్లపరుపుగా ఉండవలెను. ఎగుడుదిగుడు అర అంగుళమునకు మించరాదు.’ ఇది చదివాక కొండమీద ఉన్న కాలనీ ఏం చేయాలి? పేజీ మడిచి పక్కన పెట్టాలి. మా కాలనీ అత్యవసర సమావేశం పెట్టింది.

అధ్యక్షులు ఉప్పులూరి విశ్వపతి గారు. ఇన్సూరెన్సు కంపెనీలో డివిజనల్ మేనేజరుగా చేసినాయన. మా వెనక వాలుకు పైన ప్రహరీ గోడ ఉందన్నానే, అది ఆయన ఇంటిదే. కార్యదర్శి నళినీదేవి గారు స్కూలు కరస్పాండెంటు. ఎదురుగా ఎవరు కనబడినా పైనుంచి కిందిదాకా చూసి మనసులో మార్కులు వేసేస్తారు. నాకు ముప్పై ఐదు వేశారని నా అనుమానం.

“ఈ పోటీలో పాల్గొనడం మన కాలనీ ప్రతిష్ఠకు సంబంధించిన విషయం,” అన్నారు విశ్వపతి గారు. “కొండను చదును చేయించే సాధ్యాసాధ్యాలను పరిశీలించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.”

“కార్పొరేషన్ వాళ్ళు ఒప్పుకోరండీ. కొండ తవ్వితే కేసు పెడతారు,” అని ఎవరో అన్నారు.

సభ నిరుత్సాహపడింది. ‘ఈ పోటీ మనది కాదు, ఇంటికి పోదాం పదండి’ అని ఎవరైనా ఒక్క మాట అంటే అంతటితో అయిపోయేది. నా మనసులో సరిగ్గా అదే మాట ఉంది. కానీ నేను లేచినప్పుడు నోట్లోంచి వచ్చింది వేరు.

“అధ్యక్షా, నేల ఎత్తు మన చేతిలో లేదు. గడ్డి ఎత్తు మన చేతిలో ఉంది,” అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. ముప్పై మూడేళ్ళ తర్వాత నలుగురు నావైపు తిరిగేసరికి ఒళ్ళు తెలియలేదు. బోర్డు దగ్గరికెళ్ళి బొమ్మ గీశాను. వాలు పైభాగంలో గడ్డిని మట్టి కనబడేలా గీసేద్దాం. కిందికి వచ్చేకొద్దీ పెంచుకుంటూ పోదాం. గడ్డి కొసలన్నీ ఒకే మట్టంలో ఉంటే లాన్ బల్లపరుపే. కింద నేల ఎటు వాలితే ఎవడిక్కావాలి?

సభ చప్పట్లతో దద్దరిల్లింది. నళినీదేవి గారు అప్పటికప్పుడు తీర్మానం రాసి చదివారు. “కాలనీయందలి సమస్త పచ్చికలను ఏకమట్టమునకు తెచ్చు నిమిత్తము సమతల పచ్చిక విధానము అమలు చేయుటకును, తత్సంబంధమైన సాంకేతిక బాధ్యతలు శ్రీ మంథా సోమసుందరం గారికి అప్పగించుటకును ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.”

సోమసుందరం అంటే నేనే. ఆ సాయంత్రం నాకు యాభై మార్కులు దాటి ఉంటాయి.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. మా ఆవిడ శేషారత్నం జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైంది. కందిపప్పులో రాళ్ళు ఏరుకుంటూ అంతా విన్నది.

“మన లాన్‌కి కింద పది అడుగుల గడ్డి కావాలన్నమాట. ఎక్కణ్ణుంచి తెస్తారు?”

“పశువులకి వేసే ఏనుగు గడ్డి ఏడడుగుల దాకా వస్తుందట.”

“మిగతా మూడడుగులకి?”

“అదే ఆలోచిస్తున్నాను.”

“ఆలోచన దేనికి? మధ్యలో చెరుకు వెయ్యండి, అదీ గడ్డి జాతే. నా వంటింటి కిటికీ ముందు వెదురు పాతండి. వెదురు కూడా గడ్డే. పుస్తకాల్లో ఉంది, కావాలంటే చూపిస్తాను.”

ఆవిడ వెటకారంగా అంది. అది వెటకారమని నాకూ తెలుసు. అయితే ఎవరైనా నన్ను వెక్కిరిస్తే అందులో పనికొచ్చే సాంకేతిక సలహా ఏమైనా ఉందేమో చూడటం నాకు సర్వీసులో అలవాటైపోయింది. పుస్తకం చూపించమన్నాను. మర్నాటికి ‘వెదురు, చెరుకు వగైరాలు గడ్డిగా పరిగణింపబడును’ అన్న సవరణ తయారైంది. శేషారత్నం ఆ వారమంతా నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

నర్సరీలనుంచి లారీల్లో వెదురు పొదలు దిగాయి. జూన్ వానలకు ఏనుగు గడ్డి లేచింది, చెరుకు లేచింది. ఆగస్టు వచ్చేసరికి మా కాలనీని పైరోడ్డు మీదనుంచి చూస్తే నలభై పచ్చ బల్లలు పరిచినట్టుండేది. కింది రోడ్డునుంచి చూస్తే ఇళ్ళే కనబడేవి కావు. మా వంటింట్లో పట్టపగలు లైటు వేసుకుని కూర తరుక్కోవలసి వచ్చింది. ముప్పై రెండో ప్లాటు పెద్దావిడ బట్టలు ఆరేయడానికి వెళ్ళి చెరుకులో దారి తప్పి, గంట తర్వాత ఒక గడ నమిలి పారేస్తూ బయటపడింది. ఆమెకు ‘అనుమతి లేకుండా లాన్‌ను భుజించి మట్టమునకు భంగము కలిగించినందుకు’ నోటీసు వెళ్ళింది. రెండో ప్లాటు ఒక్కటి గేటు పక్కన నిజంగానే చదునుగా ఉంది. దానికి ‘అభివృద్ధి కనబడలేదు’ అని నళినీదేవి గారు సున్నా వేసి, పోటీ జాబితాలోంచి కొట్టేశారు.

ఇదంతా కోయవలసింది ఎర్నాయుడు. ఇదివరకు తాడు ఒక్కటే ఉండేది, ఇప్పుడు నిచ్చెన కూడా వచ్చి చేరింది. నిచ్చెనెక్కి వెదురు కొసలు నరికేవాడు, దిగి చెరుకు కోసేవాడు, కొడవలితో ఏనుగు గడ్డి దువ్వేవాడు, తాడు పట్టుకుని పైకెళ్ళి మామూలు గడ్డి గీసేవాడు. రోజుకు ఐదారు ఇళ్ళు హాయిగా చేసే మనిషికి ఇప్పుడు చీకటితో మొదలుపెడితే మళ్ళీ చీకటి పడేదాకా పట్టేది. అయినా నోరెత్తి ఒక్క మాట అనలేదు. నా వెదురును చూసి మాత్రం ఒకరోజు చాలాసేపు నిలబడిపోయి, “ఇది లానేటి బాబూ?” అన్నాడు. అవునన్నాను.

వారం వారం తనిఖీ. అటక మీదనుంచి నా పాత లెవెల్ మిషను దింపి మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టి, ఒక కన్ను మూసి చూసేవాణ్ణి. ఎర్నాయుడు కొలబద్ద పట్టుకునేవాడు. నళినీదేవి గారు మార్కులు వేసేవారు. ఒక ప్లాటు వరసగా మూడుసార్లు తప్పితే గడ్డి కోసేవాడి గేటు పాసు రద్దు. ఈ నిబంధన రాసిందీ నేనే. బాధ్యత ఎవరో ఒకరి నెత్తిన పెట్టకపోతే ఏ ఉత్తర్వూ నడవదని నాకు శాఖలో నేర్పారు. ఎవరి నెత్తిన పెట్టాలన్నది నేర్పక్కర్లేదు, అది ఎప్పుడూ మనకంటే కింద ఉన్నవాడిదే.

జాబితాలో మిగతా ప్లాట్లన్నీ నెగ్గాయి. పదిహేడు రెండుసార్లు తప్పింది. సాంకేతిక బాధ్యుడి సొంత లాన్! నళినీదేవి గారు పుస్తకంలో ఎర్ర సిరాతో గీత గీసి, నావైపు చూసి నిట్టూర్చారు. తప్పంతా పైభాగంలో ఉంది. విశ్వపతి గారి గోడ కింద ఎర్నాయుడు నాలుగు వేళ్ళ గడ్డి అలాగే వదిలేస్తున్నాడు.

నళినీదేవి గారు వెళ్ళాక అతన్ని ఆపాను. “నాయుడూ, పైన మట్టిదాకా గీసెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను?”

“బోడి సేసేత్తే మట్టికి పట్టుండదు బాబూ. ఆ గడ్డి ఏర్లే దాన్ని అట్టుకునున్నాయి. ఈ కొండంతట్లో బాగా నిట్రమైన జాగా ఇదే. పెద్ద వర్సం పడితే వదిలేత్తాది.”

“నిబంధన ప్రకారం అక్కడ గడ్డి ఎత్తు సున్నా ఉండాలి.”

“నిబందన తడవదు కదండీ. మట్టి తడుత్తాది.”

నేను ఇంజనీరును. అతను చెప్పింది అక్షరాలా నిజమని నాకు తెలుసు. కాలువ గట్ల మీద గడ్డి పెంచమని మా శాఖ పుస్తకాల్లోనే ఉంది, నేనే ఎంతమందికో చెప్పాను. అయినా నా కళ్ళముందు ఆ ఎర్రగీత ఆడుతోంది.

“వచ్చేవారం తప్పితే నీ పాసు పోతుంది. అది నా చేతిలో లేదు,” అన్నాను. పెన్ను నా జేబులోనే ఉంది.

ఎర్నాయుడు కాసేపు తాడు చుట్టుకుంటూ నిలబడ్డాడు. “నాకీ కొండ తప్ప ఇంకో పని లేదు బాబూ. కింద ఊల్లో ఎవులింటికి లానుంది, కొయ్యడానికి? పాసు పోతే నానూ మా ఇంటిదీ ఏటి తినాల? మీరు గీసేమంటే గీసేత్తాను. మీరే సెప్పాల.”

“గీసెయ్,” అన్నాను.

మర్నాడు నడుముకు తాడు కట్టుకుని గంటన్నరసేపు పారతో గీశాడు. ఆ గంటన్నరలో ఒక్కసారి కూడా నావైపు చూడలేదు. ఆ వారం పదిహేడో ప్లాటుకు ఎనభై రెండు మార్కులు వచ్చాయి. శేషారత్నం దగ్గరికెళ్ళి చెప్పాను. “సంతోషం,” అని లైటు వేసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పత్రిక వాళ్ళు పరీక్షకు వచ్చే రోజు అక్టోబరు పదకొండు. ఎనిమిదో తారీఖున వాయుగుండం పట్టుకుంది. మూడు రోజులు ఏకధాటిగా కురిసింది. పదకొండో తారీఖు ఉదయం ఆరున్నరకు నేను పళ్ళు తోముకుంటుండగా ఇంటి వెనకనుంచి లారీలోంచి కంకర దింపిన చప్పుడు వచ్చింది. తర్వాత శేషారత్నం గొంతు వినబడింది.

“ఏవండీ, మీ లాన్ లోపలికొచ్చింది.”

పరిగెత్తాను. వంటింట్లో మోకాలిలోతు ఎర్రబురద, అందులో గిన్నెలు, పొయ్యి, ఒక చెరుకు గడ. వాలు పైభాగమంతా కూర్చున్నచోటునుంచి లేచి కిందికి వచ్చేసింది. పైన ఆధారం పోయేసరికి విశ్వపతి గారి ప్రహరీ గోడ ఇరవై అడుగుల మేర ఒరిగి మా పెరట్లోకి దిగింది. వెదురు పొదలు బురద కింద పడిపోయేలోపు కొంత ఆపబట్టి కిటికీ ఒక్కటే పోయింది, వంటింటి గోడ నిలిచింది. మా ఆవిడ అంతకు ఐదు నిమిషాల ముందు ఆ కిటికీ దగ్గరే పాలు కాచింది. కాచిన పాలు ముందుగదిలోకి తెచ్చుకుంది కాబట్టి బతికింది.  గుమ్మంలోనే చతికిలబడ్డాను. ఎనభై రెండు మార్కులకోసం ఆ మనిషిని చంపుకునేవాణ్ణి. ఆవిడ నా నోట్లో బ్రష్ తీసి పక్కన పెట్టి, “ముందు మొహం కడుక్కోండి,” అంది.

పది గంటలకు వాన కాస్త తెరిపిచ్చింది. పత్రిక పరీక్షకుడు గొడుగు, ఫారంతో వచ్చాడు. వెనక కార్యవర్గం మొత్తం వచ్చింది. వాయిదా వేద్దామని నేనన్నాను. కార్యక్రమం ముందే అచ్చువేయించాం కాబట్టి వీల్లేదన్నారు నళినీదేవి గారు. పరీక్షకుడు మా పెరడు చూసి కొలబద్ద పెట్టమన్నాడు. ఇక్కడ పెట్టారు, అక్కడ పెట్టారు. నేను అలవాటు కొద్దీ లెవెల్ మిషనులో ఒక కన్ను మూసి చూసి అంకెలు చెప్పాను. బురద నీళ్ళతో కలిసి పెరడంతా పరుచుకుంది గదా, ఈ కొసకీ ఆ కొసకీ తేడా పావు అంగుళం.

“అద్భుతం,” అన్నాడు పరీక్షకుడు. “అన్నిచోట్లా గడ్డి చదునుగా కనబడింది గానీ నేల కూడా చదునుగా ఉన్న లాన్ ఇదొక్కటే.”

“గడ్డి లేదు కదండీ,” అన్నాను.

ఫారం మళ్ళీ చదివాడు. “గడ్డి ఎత్తు గురించి ఉంది గానీ గడ్డి ఉండి తీరాలని ఎక్కడా లేదండీ,” అని సంతకం చేశాడు. ఉత్తరాంధ్ర ప్రాంతానికి ప్రథమ బహుమతి పదిహేడో ప్లాటుకు వచ్చింది. పాదాలు బురదలో ఉండగానే షీల్డు చేతికిచ్చి ఫొటో తీశారు. ఆ ఫొటోలో నేను నవ్వుతున్నాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలియదు.

షీల్డు పక్కన పెట్టాక విశ్వపతి గారు గొంతు సవరించుకున్నారు. “బహుమతి సంతోషదాయకమే. అయితే నా గోడకు సంబంధించి బాధ్యతను నిర్ధారించవలసి ఉన్నది. ఏ నష్టానికైనా ఒక కారణం, ఆ కారణానికి ఒక వ్యక్తి ఉండి తీరాలన్నది నా ముప్పై ఏళ్ళ అనుభవం.” వెంటనే విచారణకు ఏకసభ్య కమిటీ వేశారు. ఆ ఏకసభ్యుణ్ణి నేనే. విచారణ పూర్తయ్యేదాకా ముందుజాగ్రత్తగా ఎర్నాయుడి గేటు పాసు తీసేసుకున్నారు.

విచారణ నివేదికలు నాకు కొత్త కాదు. సర్వీసులో కాలువ గట్లు తెగినప్పుడల్లా రాశాను. నలభై ఒక్క గండ్లకు నలభై ఒక్క నివేదికలు. నలభై ఒక్కదాంట్లోనూ కారణం పందికొక్కులే. గట్టు లోపల బొరియలు చేశాయి, నీరు దారి చేసుకుంది, గండి పడింది. పందికొక్కుకు సంజాయిషీ నోటీసు ఇవ్వలేం, పింఛను ఆపలేం, అది కోర్టుకు వెళ్ళదు. శాఖలో అందరూ హాయిగా ఉండేవాళ్ళు.

ఈసారి మాత్రం ముందుగదిలో కూర్చుని, వంటింట్లోంచి పారతో మట్టి ఎత్తుతున్న చప్పుడు వింటూ, నిజం రాశాను. ఒక్క పేజీ. ‘నిటారైన వాలు మీద గడ్డి తీసేయించడంవల్ల మట్టి జారినది. ఎర్నాయుడు ముందే హెచ్చరించాడు. అతని పద్ధతి సరైనది. ఆ పద్ధతి మార్చమని బలవంతపెట్టినవాణ్ణి నేను. తప్పు నాది.’ కింద సంతకం చేశాను.  అలవాటు లేని పని.

సమావేశంలో నళినీదేవి గారు దాన్ని బయటికి చదివారు. 

“సోమసుందరం గారి నిజాయితీని ఈ సభ మనస్ఫూర్తిగా అభినందిస్తున్నది,” అన్నారు విశ్వపతి గారు. “నివేదికను తిరస్కరిస్తున్నది.”

“ఎందుకండీ?”

“మీరు తప్పు చేశారంటే విధానం తప్పు అవుతుంది. విధానం తప్పయితే ఏకగ్రీవంగా ఆమోదించిన మేమందరం తప్పు. ఆ విధానానికి వచ్చిన షీల్డు తప్పు. ఇంతమంది ఒకేసారి తప్పు చేయడం నమ్మదగ్గ విషయం కాదు.”

“పైగా మీరు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు,” అన్నారు నళినీదేవి గారు. “ఇంజనీరు కంటే గడ్డి కోసేవాడికి ఎక్కువ తెలుసని మినిట్స్‌లో ఎలా రాయను?”

“కాబట్టి సహజంగా మిగిలేది ఆ కోసినవాడు,” అని విశ్వపతి గారు సర్దేశారు. “గడ్డి తీయడంవల్లే మట్టి జారిందని మీ నివేదికలోనే ఉంది, తీసింది అతని పారే. శుక్రవారంలోగా ఆ మేరకు సవరించి సమర్పించవలసిందిగా కోరుతున్నాం. పాసు శాశ్వతంగా రద్దు చేద్దాం.”

నాకు కోపం వచ్చింది. గట్టిగా అరవాలనిపించింది. నేను అరవడం నేర్చుకోలేదు, తలూపడం నేర్చుకున్నాను. ఊపి బయటపడ్డాను.

గేటు బయట ఎర్నాయుడు బ్రష్ కట్టర్ పక్కన పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. నాలుగు రోజులుగా పొద్దున వచ్చి, సాయంత్రం దాకా అక్కడే ఉండి వెళ్తున్నాడని వాచ్‌మన్ చెప్పాడు. నన్ను చూసి లేచాడు.

“అమ్మగోరు బాగున్నారా బాబూ? వంటగది మట్టి తీసీడానికి నన్ను లోపలికి రానీలేదు. ఎవుల్ని పెట్టారో ఏటో, తడి గోడ పక్కన ఊరికే తవ్వీకూడదు. సెప్పండి ఆలకి.”

నేను అతని బతుకు తీశాను. అతను నా గోడ గురించి కంగారుపడుతున్నాడు. ఆ క్షణంలో నేను పడ్డ సిగ్గు ఇంతకుముందెప్పుడూ పడలేదు. “ఇంకా ఎందుకు కూర్చున్నావు నాయుడూ?” అన్నాను.

“ఎక్కడికెల్లమంటారు? పదకొండేల్లనించి పొద్దున్నే లేచి ఇక్కడికే ఒచ్చీడం. కాల్లు ఇటే ఒచ్చెత్తన్నాయి.”

ఇంటికి వెళ్ళి కొత్త కాగితం తీశాను. నిజంతో అతన్ని కాపాడలేనని తేలిపోయింది. ఇక నాకు బాగా వచ్చిన విద్య ఒక్కటే మిగిలింది. పద్నాలుగు పేజీలు రాశాను. శిఖరప్రభ కొండ గర్భంలో ‘అధిక సాంద్రతలో పందికొక్కుల సంచారం’ అన్నాను. బొరియల పొడవు, వెడల్పు, వాలు, వాటి శాఖోపశాఖలు మ్యాపు గీసి చూపించాను. ఒక పటం, రెండు అనుబంధాలు. వెదురు, చెరుకు వాటికి ఆశ్రయమని, నాలుగు వేళ్ళ గడ్డి ఉన్నచోట అవి తవ్వలేవని రాసి, సిఫారసులు రెండు చేశాను: ఒకటి, పందికొక్కులు పూర్తిగా నిర్మూలన అయ్యేదాకా సమతల పచ్చిక విధానం నిలుపుదల చేయాలి. రెండు, అనుభవజ్ఞుడైన ఎర్నాయుణ్ణి వెంటనే పనిలోకి తీసుకోవాలి. శేషారత్నం పద్నాలుగు పేజీలూ చదివింది.

“ఈ కొండరాతిలో పందికొక్కులా? ఒక్కటన్నా ఉందా?”

“లేదు. అందుకే నిర్మూలన అవ్వవు.”

చాలా నెలల తర్వాత మా ఆవిడ నా ఎదుట పకపకా నవ్వింది.

శుక్రవారం నివేదిక చప్పట్లమధ్య ఆమోదం పొందింది. “ఇదీ శాస్త్రీయమైన విచారణ అంటే,” అన్నారు విశ్వపతి గారు. మొన్న వానకు ముందు తమ ఇంటి అరుగు కింద ఒక పందికొక్కును స్వయంగా చూశానని నళినీదేవి గారు ముందుకొచ్చారు. మరో ఇద్దరు కూడా చూశారట. ఎర్నాయుడికి పాసు తిరిగి ఇచ్చారు. కాలనీ అంతా వెదురు నరికించే పని కూడా అతనికే పడింది.

వారం తర్వాత మా వాలు మీద అతను గడ్డి పిలకలు నాటుతున్నాడు. అడ్డంగా వరసలు వరసలుగా, జానెడు జానెడు దూరంలో. నేను కిందనుంచి బుట్ట అందిస్తున్నాను. ఏ సలహా ఇవ్వలేదు.

“బాబూ, ఒక మాట అడగనా? ముందో కాయితం రాసారంట కదా. తప్పు మీదని, నా పని సరైందని. వాచ్‌మన్ సెప్పాడు.”

“రాశాను. దాన్ని ఒప్పుకోలేదు నాయుడూ. పందికొక్కులని రాస్తే ఒప్పుకున్నారు.”

“అది ఆల ఇష్టం. ఆ ముందు కాయితం పారీసారా?”

“లేదు, ఉంది. దేనికి?”

చేతుల మట్టి లుంగీకి తుడుచుకుని, సిగ్గుపడుతూ అన్నాడు. “నాకిచ్చీండి. పదకొండేల్లయింది, నా పని బాగుందని కాయితమ్మీద ఎవులూ రాయనేదు. ఎవులిసేతైనా సదివించి మా ఇంటిదానికి ఇనిపిత్తాను.”

లోపలికెళ్ళి తెచ్చిచ్చాను. పైన అడ్డంగా ‘తిరస్కరించడమైనది’ అని ఎర్ర సిరాతో రాసి ఉంది. అదేమిటని అడిగాడు. కమిటీవాళ్ళ సంతకం అని చెప్పాను. నేను రాసిన నలభై మూడు నివేదికల్లో ఒకరు అడిగి తీసుకున్నది ఇదొక్కటే. ఎర్నాయుడు దాన్ని నాలుగు మడతలు పెట్టి, గేటు పాసు ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, తాడు సవరించుకుని మళ్ళీ వాలెక్కాడు.